జలాశయం – కపోతం – వ్యాధుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో అధికభాగం వర్షాధారమైన మెట్టభూమి. గ్రీష్మంలో కుంటలు ఎండి, చెరువుల నడుమ స్వల్పజలం మాత్రమే మిగులుతుంది. ఉదయ సాయంసంధ్యలలో ఆ నీటి అంచున గువ్వలు వాలుతాయి. చెరువు సైతం ఎండినప్పుడు పశువుల తొట్టిని ఆశ్రయిస్తాయి.

గువ్వ ప్రధానంగా శుష్కబీజభోజి. రాగి గింజలను, గడ్డివిత్తులను ఏరుకొని జీవిస్తుంది. పురుగులలో, ఫలాలలో ఉండే తేమ వాటిలో లేదు; కనుక నిత్యజలపానం అనివార్యం. అనేక పక్షులు ముక్కున నీరు పట్టి, తల పైకెత్తి మింగుతాయి. కపోతజాతి ముక్కును నీట ముంచి ఎడతెగక పీల్చుకొంటుంది. వ్యాధుడు నిరీక్షించేది తల వంచిన ఆ క్షణం కొరకే. అతడు అడవిని గాలించనక్కరలేదు. దాహమే పక్షిని వలలోనికి తెస్తుంది.

ఈ నిరీక్షణ నూతనమైనది కాదు. యువరాజైన దశరథుడు సరయూతీరాన రాత్రివేళ, నీటికి వచ్చే మృగం కొరకు ధనుస్సు ధరించి పొంచి ఉన్నాడు. కుండ నిండే శబ్దాన్ని గజధ్వనిగా భ్రమించి బాణం విడిచాడు. కూలినది మునికుమారుడు. ఆ నీటికై ఎదురుచూస్తున్నవారు అంధులైన తల్లిదండ్రులు. ఒక్క శరంతో మూడు ప్రాణాలు పోయాయి.

గువ్వ విషయంలోనూ ఇదే జరుగుతుంది. గూటిలో సాధారణంగా రెండు పిల్లలుంటాయి. తొలిదినాలలో తల్లిదండ్రులు రెండూ తమ కంఠకోశంలో ఊరే పాలవంటి పదార్థంతో వాటిని పోషిస్తాయి. రేవున పడిన పక్షి ఒకటే అయినా, దాని కొరకు నోరు తెరచి ఉన్నవి వేరే ఉన్నాయి.

అయినా మన వాఙ్మయం వ్యాధుణ్ణి ద్వేషించలేదు. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కథలో, వానకు తడిసి ఆకలిగొన్న వ్యాధుణ్ణి కపోతం అతిథిగా ఆదరించి, తన దేహాన్నే అగ్నికి అర్పించింది. దాని సహచరి అతని పంజరంలోనే బందీగా ఉన్నది. ఆ త్యాగాన్ని చూచి అతడు పంజరం తెరచి, వేటను విడిచాడు. అతని ఆకలి సత్యమే. మారగల శక్తీ సత్యమే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వలపన్నడాన్నీ, ఎరచూపడాన్నీ వేటగానే గణించింది. శాసనభయం చేతిని ఆపుతుంది. దయ మనస్సును మారుస్తుంది. పక్షి ఏ వేళ, ఏ రేవుకు వస్తుందో వ్యాధునికి తెలిసినంతగా అన్యులకు తెలియదు. ఆ జ్ఞానమే సంకల్పం మారితే రక్షణ అవుతుంది.

వేసవిలో చలివేంద్రం పెట్టే పుణ్యాత్ములు దాని చెంతనే లోతులేని మట్టిమూకుడు ఒకటి ఉంచి, ప్రతిదినం నీరు మార్చుదురుగాక. అయితే నీరు ఉంచినవాడే దానికి కావలి కూడా. దాహంతో వచ్చిన ప్రాణి శరణాగతమే. శరణాగతకపోతం కొరకు శిబి తన మాంసాన్నే తూచి ఇచ్చాడు. మననుండి గువ్వ కోరేది గుక్కెడు నీరు, త్రాగి ఎగిరిపోయేవరకు అభయం.

స్వస్తి.