మా చిన్నాయన అంబాసిడరు

మా హోసూరు ప్రాంతపు తెలుగువారము పినతండ్రిని చిన్నాయన యందుము. మా చిన్నాయన 1972లో ఒక అంబాసిడరు కారు కొనిరి. తెల్లనిది, రెండవ మార్కుది. నాకు బండి నడుపుట నేర్పినవారు వారే. "ఏ గేరులో కొండ ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలిరా" అనునది వారి మొదటి పాఠము. వారి యనంతరము పిల్లలు ఆ బండిని పాత యినుమునకు వేయబోగా, గుమాస్తా పని విరమించినప్పుడు వచ్చిన సొమ్ములో కొంత యిచ్చి నేను తెచ్చుకొంటిని. ఆ బేరము మా యింటివారికి నేటికిని రుచింపలేదు.

2019లో కుటుంబముతో ఏర్కాడు పోయితిమి. సేలము వైపు దిగు దారిలో 20 కొండమలుపులు కలవు. వెనుక సీటులో నా కుమార్తె, ఆమె యొడిలో రెండేండ్ల మనుమరాలు. మాటల సందడిలో చిన్నాయన పాఠము మరచి, మూడవ గేరులోనే బ్రేకు తొక్కుచు దిగుచుంటిని. సగము దారిలో కాలిన వాసన వచ్చెను. పిమ్మట పెడలు లోతుగా దిగిపోసాగెను; బండి మాత్రము నిలువదు. రెండవ గేరు వేసి, చేతి బ్రేకు లాగి, కొండవైపు మట్టిగట్టునకు ఒరిపి నిలిపితిని. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని నా కుమార్తె బిడ్డ నెత్తుకొని దిగి, మిగిలిన దారి బస్సులో పోయినది. ఆ పిదప ఆ బండి యెక్కలేదు.

నేను పదవ తరగతితో చదువు ముగించినవాడను; యంత్రశాస్త్ర మెరుగను. అయినను కారణము తెలిసికొనక నిద్రపట్టలేదు. ఆ బండికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములోపల షూలు విచ్చుకొని దాని గోడను ఒరయును. ఆ వేడి లోపలనే చిక్కుకొనును. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమగును. లైనింగునకు పట్టు తగ్గును. డిస్కు అట్లుగాక గాలికి బయటనే తిరుగుచు త్వరగా చల్లారును. ఇది నిన్నటి వింత కాదు. 1953లో ఫ్రాన్సు దేశపు లె మాన్ పందెములో గెలిచిన జాగ్వారు కారునకు డిస్కు బ్రేకులే యుండెను. మన బండికి రాకపోవుట వేరు సంగతి.

తరువాతి కాలపు అంబాసిడర్లలో కొన్నింటికి ముందు చక్రములకు డిస్కులు వచ్చినవి. అట్టి పాత బండి నుండి తీసిన డిస్కులు, కాలిపర్లు కొని, ఒక షెడ్డులో పెట్టించితిని. చిన్నాయన బండి నేల మార్చవలెనని మనసు పీకినది, నిజమే. అంతకంటె పెద్ద బాధ వారము దినములలో వచ్చెను. పెడలు రాయివలె గట్టిపడినది. నాలుగు మైళ్లు పోవునప్పటికి ముందు చక్రములు కుంపటులైనవి.

చివరకు మా వీధి వెనుక షెడ్డు పెట్టుకొన్న ముసలి మేస్త్రి, చక్రము దగ్గర అరచేయి చాచి చూచి నవ్వెను. "సామీ, చక్రం కాడ పని చేసినారు, పెడలు కాడ పని మరిచిపోయినారు" అనెను. డ్రమ్ములలో షూలను వెనుకకు లాగుటకు గట్టి స్ప్రింగులుండును. అందుచేత పాత మాస్టరు సిలిండరు గొట్టములో కొంచెము ఒత్తిడిని ఎల్లప్పుడు నిలిపియుంచును. డిస్కు ప్యాడులకు అట్టి స్ప్రింగులు లేవు; ఆ కొంచెపు ఒత్తిడికే అవి డిస్కును నిరంతరము ఒరయుచుండినవి. ఇక డ్రమ్ము తిరుగుడే ముందు షూను లోనికి లాగి కాలికి సాయపడును. డిస్కునకు ఆ సాయము లేదు గనుక బూస్టరు కావలెను.

అతడు రెండు భాగముల మాస్టరు సిలిండరు వేసెను; ఒక భాగమున బ్రేకు ఆయిలు కారిపోయినను రెండవది పనిచేయును. బూస్టరు తగిలించెను. వెనుక డ్రమ్ములను అట్లే యుంచి, అవి ముందుగా పట్టి బండిని జార్చకుండ వాటికి పోవు ఒత్తిడిని తగ్గించు వాల్వొకటి పెట్టెను. గాలి తీయుటకే ఒక పూట పట్టినది. పనియంతయు ముగించి, "దిగుడులో ఇంజను ఆపొద్దు సామీ" అని నన్ను రెండుమార్లు హెచ్చరించెను. బూస్టరునకు బలము ఇంజను పీల్పు వలననే. పెట్రోలు మిగులునని పల్లములో ఇంజను ఆపుట చిన్నాయన అలవాటు. ఆ యలవాటు నాకును వచ్చియుండెను. పాఠములలో ఒకటి ఉంచుకొని యొకటి విడిచితిని.

ఈ వేసవిలో మరల ఏర్కాడు పోయితిమి. చాలకాలము బతిమాలిన మీదట కుమార్తె వచ్చినది. ముందు సీటులో కూర్చుండి దారి పొడుగునను నా కాలినే చూచుచుండెను. ఇప్పుడు బడికి పోవు మనుమరాలు వెనుకనుండి మలుపులు లెక్కించినది. రెండవ గేరులోనే దిగితిని. అడుగున బండి నిలుపగానే కుమార్తె దిగి, ముందు చక్రము దగ్గర అరచేయి చాచినది.

"వేడిగానే ఉంది నాయనా" అనెను. మరల వచ్చి బండిలో కూర్చున్నది.