రెండు టికెట్లా, ఒక టికెట్టా? దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఒక లెక్క

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగితే మనుషుల కన్నా ముందు బోర్డులే పలకరిస్తాయి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అమెరికా, యూకే, జర్మనీ జెండాలు వేసుకున్న కన్సల్టెన్సీలు. వాటి కింద జిరాక్స్ షాపులు, ఫ్లైట్ టికెట్ల ఆఫీసులు. నల్గొండ, ఖమ్మం నుంచి బ్యాగు భుజానేసుకుని ఈ రోడ్డు మీద దిగిన పిల్లలు చాలామంది, కొన్నేళ్లకు పెద్ద సూట్‌కేసుతో ఇక్కణ్నుంచే శంషాబాద్‌కి బయల్దేరుతారు.

మొన్న మా అక్క కొడుకుతో కలిసి అలాంటి ఓ టికెట్ల ఆఫీసుకి వెళ్లాను. వాడికి ఐ-20 వచ్చింది, వీసా అయింది, టికెట్ ఒక్కటే మిగిలింది. మేం అడిగింది హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా అమెరికాకి. కౌంటర్ దగ్గరాయన రెండు రేట్లు చెప్పాడు. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద అయితే ఒక రేటు. ఢిల్లీ వరకు ఒకటి, అక్కణ్నుంచి ఇంకో ఎయిర్‌లైన్‌లో వేరే టికెట్ తీస్తే పన్నెండు వేలు తక్కువ.

"మామా, మధ్యలో నాలుగు గంటల టైముంది గదా, ఏమైతది?" అన్నాడు వాడు. బావ పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నాడు. వాడికి పన్నెండు వేలు చిన్న మొత్తం కాదు.

ఏమవుతుందో చూద్దాం. మొదటి ఫ్లైట్ లేటై రెండోది తప్పిందనుకోండి. టికెట్ ఒకటే అయితే మిమ్మల్ని గమ్యం చేర్చే పూచీ ఎయిర్‌లైన్‌దే. తర్వాతి ఫ్లైట్‌లో సీటు వాళ్లే చూడాలి. టికెట్లు రెండైతే, రెండో ఎయిర్‌లైన్ లెక్కలో మీరు 'నో షో', అంటే రాని ప్రయాణికుడు. మొదటి ఎయిర్‌లైనేమో "మేం ఢిల్లీ చేర్చాం కదా" అంటుంది. అప్పటికప్పుడు కొనే అమెరికా టికెట్ ముందు ఆ పన్నెండు వేలు ఏ మూలకి? పైగా ఢిల్లీలో లగేజీ తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. నాలుగు గంటలు అక్కడే కరిగిపోతాయి.

మన డీజీసీఏ రూల్స్ కూడా ఈ గీత దగ్గరే ఆగుతాయి. ముందుగా చెప్పకుండా ఫ్లైట్ రద్దు చేసి, అదే టికెట్ నంబర్ మీదున్న కనెక్టింగ్ ఫ్లైట్ తప్పిస్తే, ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయల వరకు పరిహారం ఉంది. బేసిక్ ఫేర్, ఇంధన చార్జీ కలిపి అంతకన్నా తక్కువైతే ఆ తక్కువే ఇస్తారు. వాతావరణం లాంటి ఎయిర్‌లైన్ చేతిలో లేని కారణమైతే పరిహారం రాదు. రెండున్నర గంటల లోపు ప్రయాణమున్న ఫ్లైట్ రెండు గంటలు లేటైతే తిండి, టీ అడగొచ్చు. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన ఫ్లైట్ ఆరు గంటలు దాటి లేటైతే హోటల్ ఇవ్వాలి.

విదేశీ ప్రయాణానికి మాంట్రియల్ ఒప్పందం ఉంది. ఇండియా 2009లో చేరింది. ఆలస్యం వల్ల జరిగిన అసలు నష్టాన్ని అడగొచ్చు, గడువు రెండేళ్లు. యూరప్ ఎయిర్‌లైన్‌లో ఒకే బుకింగ్ మీద జర్మనీ వెళ్లేవాళ్లకు ఇంకా బలమైన రూలుంది. ఎయిర్‌లైన్ కారణంగా చివరి ఊరికి మూడు గంటలు లేటుగా చేరితే, మన దూరానికి 600 యూరోల వరకు. కనెక్షన్ తప్పినా లెక్క చివరి ఊరిదేనని యూరప్ కోర్టు 2013లో తేల్చింది.

ఆఫీసు నుంచి బయటికొచ్చి మెట్రో ఎక్కాం. మూడో స్టేషన్ ఎల్బీ నగర్, లైనుకి అదే ఆఖరు. సూర్యాపేట, విజయవాడ వైపు వెళ్లేవాళ్లు ఇక్కడే బస్సెక్కుతారు. మెట్రో లేటై ఒక బస్సు పోతే, చాయ్ తాగేలోపు ఇంకోటొస్తుంది. ఈ అలవాటుతోనే మనం విమానం కనెక్షన్‌ని కూడా తేలిగ్గా తీసుకుంటాం.

రంగారెడ్డి జిల్లా కోర్టులు ఉన్నదీ ఎల్బీ నగర్‌లోనే. కన్జ్యూమర్ కమిషన్ మాట గుర్తు చేయడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. 2019 చట్టం వచ్చాక ఎయిర్‌లైన్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి.

టికెట్లు వేరైతే ఆశ పూర్తిగా పోయినట్టేనా? కాదు. 2016లో రైలు నాలుగు గంటలు లేటై జమ్మూలో విమానం తప్పిన రాజస్థాన్ ప్రయాణికుడొకరు కేసు వేశారు. ఆలస్యానికి కారణం చూపలేకపోయిన రైల్వేనే పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో చెప్పింది. గెలిచారు, కానీ ఐదేళ్లు పట్టింది. క్లాసులు మొదలయ్యే తేదీ అన్నాళ్లు ఆగదు.

అందుకే డబ్బు కట్టేముందు అడగండి: "మొత్తం ఒకే టికెట్ మీద ఉందా? లగేజీ చివరి ఊరిదాకా వెళ్తుందా?" యాప్‌లో ఒకే బుకింగ్‌లా కనిపించినా లోపల రెండు పీఎన్‌ఆర్‌లు ఉండొచ్చు. ఈ-టికెట్ తెరిచి నంబర్ చూసుకోండి. లేటైతే బోర్డు ఫొటో తీయండి, కారణం రాతపూర్వకంగా అడగండి, బిల్లులు దాచుకోండి. ఎయిర్‌సేవా యాప్‌లో ఫిర్యాదు పెట్టండి.

మావాడు బస్టాప్ దగ్గరే నిలబడి టికెట్ల ఆఫీసుకి ఫోన్ కలిపాడు. "అన్నా, ఒకే టికెట్ మీద చేయండి" అన్నాడు.