ఇచ్చే చేయి, మీటే చేయి

తనకు మిక్కిలి ప్రియమైన వస్తువునే దానమివ్వాలంటారు మన పెద్దలు. ఆ మాటలో గొప్ప త్యాగం ఉన్నది. కాని అది ఇచ్చేవాని మనస్సును గూర్చిన మాట. పుచ్చుకొనేవాని చేతిలో ఆ వస్తువు ఎంతకాలం నిలుస్తుందన్న విచారం అందులో లేదు. అండమానులో ఒక గిటారుకు నమూనా గీయడానికి కూర్చున్నప్పుడు ఈ రెంటికీ మధ్యనున్న దూరం నాకు తెలిసివచ్చింది.

ఆ గిటారు కారునికోబారులో ఒక పల్లె చర్చి గాయకబృందానికి ఉద్దేశించినది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఆ దీవి తీరపు పల్లెలను తుడిచిపెట్టగా, మిగిలినవారు లోపలి మెరకకు తరలి కొత్తగా ఇళ్లు కట్టుకొన్నారు. అక్కడి ఆరాధనలో బృందగానానికి పెద్దపీట. మన భజనకు హార్మోనియం ఎటువంటిదో వారి పాటకు గిటారు అటువంటిది.

మేముండేది అక్కడికి సుమారు 270 కిలోమీటర్ల ఉత్తరాన, 2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరులో. గిటారు చేయపూనుకొన్న మిత్రుడు వడ్రంగి. శ్రీకాకుళం ప్రాంతంనుంచి ఓడ యెక్కి వచ్చినవాని మనుమడు. డబ్బు నలుగురమూ వేసుకొన్నాము. కర్ర మాత్రం అతనిది. తాతగారి బీరువానుంచి ఊడదీసిన పడాక్ పలక అది.

పడాక్ మన ఎర్రచందనానికీ, వేగిసకూ దాయాది. కోసిననాడు ఎర్రగా నిగనిగలాడి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమవన్నెకు తిరుగుతుంది. 1883లో నెలకొన్న చాథం రంపపు మిల్లు తరతరాలుగా ఈ కర్రను కోసింది. 2002లో సుప్రీంకోర్టు ఉత్తరువులు ఈ దీవుల అడవులలో చెట్ల నరుకుడును కట్టడి చేసినప్పటినుంచి పాత పలకలకు మరింత విలువ. “గిటారంతా దీనితోనే చేద్దాం, మాస్టారూ! చూసినవాళ్లు కళ్లప్పగించాలి,” అన్నాడు మిత్రుడు.

అయితే అతని దుకాణంలోనే మరొక గిటారు ఉన్నది. ఆ బృందానికి చెందిన కుర్రవాడొకడు, ఇక్కడ చదువుకొంటున్నవాడు, మరమ్మతుకు తెచ్చిన పాతది. దాని పైపలక పొట్టలాగా ఉబ్బింది. తీగెలు నాటుకొనే బ్రిడ్జి జిగురు వదలి లేచింది. తీగెలు తుప్పుపట్టాయి. బొబ్బిలి వీణను పనసకర్ర తొలిచి చేస్తారు. గిటారు అలా తొలిచేది కాదు, పలుచని పలకలను వంచి, అతికి, కట్టిన పెట్టె. ఆరు ఉక్కుతీగెలు కలిసి దానిని ఇంచుమించు 70 కిలోల బరువుతో లాగుతూ ఉంటాయి. దానికి తోడు సముద్రపుగాలి తేమను పీల్చి కర్ర అడ్డంగా ఉబ్బుతుంది.

లాగుడు తక్కువగా ఉండే నైలాను తీగెలు వేద్దామా అని కుర్రవానిని అడిగాము. “అందరూ గొంతెత్తి పాడుతారండీ, వాటి చప్పుడు వినబడదు,” అన్నాడు. కనుక ఉక్కుతీగెలే నిలిచాయి. పైపలక కింది బద్దలను ఆ లాగుడుకు తగినట్లు బలపరచి, బ్రిడ్జిని జిగురుతోపాటు మరలతో బిగించాలని నిశ్చయించాము.

ఇక పక్కలూ, వెనుకపలకా. స్పెయిను దేశపు శిల్పి ఆంటోనియో డి టోర్రెస్ 1862లో ఈ భాగాలను కాగితపు గుజ్జుతో చేసి ఒక గిటారును నిర్మించాడు. నాదంలో ప్రధానపాత్ర పైపలకదేనని చూపడానికి ఆ పని చేశాడంటారు. ఆ మాట తలచుకొంటే మా పడాక్ మోజు కొంత సడలింది. పొరలను అడ్డంగా ఒకదానిపై ఒకటి అతికిన చెక్క, మనం ప్లైవుడ్డని చులకన చేసేది, తేమకు అంతగా కదలదు. పైపలకకు మాత్రం చలిదేశపు స్ప్రూసు ఒంటిపలకే వాడాలి. అది తేలిక, బిగువు కలది. తక్కిన పెట్టెకు పొరలచెక్కే మేలు.

అలంకారం మాట వచ్చింది. దాతల పేర్లు ముత్యపుచిప్పతో పొదిగిద్దామన్నారొకరు. గుడిలో పంకారెక్కల మీది పేర్లు నాకు జ్ఞాపకం వచ్చాయి. పేర్లకు బదులు, ఏ జిగురు వాడినదీ, ఏ తీగెలు కట్టవలసినదీ రాసి, నాదరంధ్రంలోనుంచి కనబడేటట్లు లోపల ఒక చీటీ అతికించాలని నేనన్నాను.

మరొక మిత్రుని వాదం ఇంత సులువుగా తేలలేదు. పడాక్‌తోనే అందంగా చేసి వేలం వేద్దాము, ఆ సొమ్ముతో పది మామూలు గిటార్లు కొని పంపవచ్చును అన్నాడు. లెక్కకు అతడు చెప్పినది నిజమే. కాని వేలంలో కొన్నవాడు దానిని గోడకు తగిలిస్తాడు. పల్లె చేరిన ఆ పదింటినీ అదే గాలి, అదే ఉప్పు పట్టుకొంటాయి. చెడినప్పుడు బాగుచేసే దారి చూపక పంపిన పది, ఒకటికన్న ఎక్కువ కావు.

వడ్రంగి చాలాసేపు మాట్లాడలేదు. “అయితే తాత పలకకు పనేమిటి, మాస్టారూ?” అన్నాడు చివరకు.

“గట్టికర్ర కావలసిన చోటులు లేవటయ్యా?” అన్నాను.

మెట్లపలక వేళ్ల ఒరిపిడికి ఓర్చుకోవాలి. బ్రిడ్జి లాగుడుకు ఓర్చుకోవాలి. రెండూ చిన్న ముక్కలే. అతడు బద్ద తీసి పలకను కొలిచాడు. మొదటి ముక్క ఈ గిటారుకు, రెండవది పొట్ట ఉబ్బిన ఆ పాతదానికి. తక్కిన పలకమీద కూడా, ఇంకా రాని గిటార్ల కోసం, సుద్దతో గీతలు గీసుకొంటూ పోయాడు.