రీటేకు లేని షాటు

తెరమీద మంచు కురిస్తే ఈల వేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. షూటింగు చూసి రాద్దామని ఓ జనవరిలో గుల్‌మార్గ్ బయల్దేరాను. టంగ్‌మార్గ్ దాటాక మలుపులో మా అద్దెకారు జర్రున జారి, లోయ అంచున ఆగింది. నా గుండె ఆగినంత పనైంది!

"టైర్లు కొత్తవేగా, భాయ్?" అన్నాను.

"కొత్తవే సాబ్, మంచువి కావు" అన్నాడు డ్రైవరు.

సంగతేమిటంటే, చలి 7 డిగ్రీలకు దిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోయి పట్టు తప్పుతుంది. మంచు టైరు మెత్తగానే ఉంటుంది. పక్కన మూడు శిఖరాల కొండ, అందులో మంచుపువ్వు గుర్తు చూసి కొనాలి. అదీ నాలుగూ! ముందు రెండే మారిస్తే బ్రేకు వేసినప్పుడు వెనకభాగం గిర్రున తిరిగిపోవచ్చు.

ఆ రోజు చక్రాలకు గొలుసులు కట్టించాకే పైకెక్కాం.

హీరోకైతే డూపు ఉంటాడు. మరి మనకో?