మాటుంగా మీదుగా తార్నాకకి

తార్నాక, హైదరాబాద్
సోమవారం రాత్రి

చిరంజీవి చిట్టికి,

నీ బీఎస్సీ కెమిస్ట్రీ తర్వాత ఏయే దారులున్నాయో చూద్దామని పొద్దున జీడిమెట్ల వెళ్లొచ్చాను. నా పాత విద్యార్థి ఒకడు అక్కడ బల్క్ డ్రగ్ కంపెనీలో నాణ్యత పరీక్షల విభాగం, అంటే క్యూసీలో ఉన్నాడు. నైట్ షిఫ్ట్ దిగి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. గేటు బయట టీ బండి దగ్గరే మాట్లాడుకున్నాం.

బీఎస్సీతో చేరేవాళ్లకి ఎక్కువగా తెరుచుకునేవి రెండు తలుపులట, ప్రొడక్షన్, క్యూసీ. ప్రొడక్షన్ అంటే రియాక్టర్, సెంట్రిఫ్యూజ్, డ్రయ్యర్. బ్యాచ్ రికార్డులో ఏ గంటకి ఎంత టెంపరేచర్ ఉండాలో రాసి ఉంటుంది, దాన్ని తు.చ. తప్పకుండా చెయ్యాలి. క్యూసీ అంటే హెచ్‌పీఎల్‌సీ ముందు కూర్చుని శాంపిల్ తర్వాత శాంపిల్ ఎక్కించడం, కార్ల్ ఫిషర్‌తో తేమ చూడడం, చేసిన ప్రతి పనీ ఆ క్షణానే రిజిస్టర్‌లో రాయడం. "చెయ్యడం కన్నా రాయడమే ఎక్కువ సార్" అన్నాడు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు తనిఖీకి వస్తే మందు కన్నా ముందు అడిగేది ఆ రిజిస్టర్లే మరి. ఇదేమీ తక్కువ పని కాదు. వాడి జీతంతోనే చెల్లెలి నర్సింగ్ చదువు సాగుతోంది. కానీ వాడు బాధగా చెప్పిన సంగతి ఒకటుంది. పక్క బిల్డింగ్‌లోని ఆర్ అండ్ డీకి మారదామని అడిగితే, ఎమ్మెస్సీ ఆర్గానిక్ లేనిదే అప్లికేషన్ కూడా తీసుకోలేదట. మీ క్లాసులో ఎవరైనా డిగ్రీ అవగానే ఇలాంటి ఉద్యోగంలో చేరితే, జీతం కన్నా ముందు సాల్వెంట్లు ఎలా నిలవచేస్తారో, మంటలొస్తే బయటపడే దారి ఎటో అడగమను. బల్క్ డ్రగ్ యూనిట్లలో జరిగే ప్రమాదాల వార్తలు నువ్వూ చదువుతూనే ఉన్నావు.

మధ్యాహ్నం తార్నాకలో ఐఐసీటీ చూశాను. 1944లో నిజాం కాలంలో మొదలైన ప్రయోగశాల అది. తర్వాత ఆర్ఆర్ఎల్ అయింది, ఆ పైన ఐఐసీటీ అయింది. ఇక్కడి పాత ఆటోవాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు. ఈ ఊళ్లో ఇన్ని మందుల కంపెనీలు ఎందుకు వచ్చాయో తెలిస్తే నీ చదువు విలువ నీకే తెలుస్తుంది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌ని పెట్టడం ఒక కారణం. 1970 పేటెంటు చట్టం ఇంకా పెద్ద కారణం. ఆ చట్టం ప్రకారం మందు అణువు మీద పేటెంటు ఉండదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉంటుంది. అంటే అదే అణువుని వేరే దారిలో తయారుచేస్తే చట్టానికి అభ్యంతరం లేదు. ఆ వేరే దారి వెతికేదెవరు? ఆర్గానిక్ కెమిస్టులే. హెచ్ఐవీ మందు ఏజెడ్‌టీకి ఐఐసీటీలో ఎ.వి. రామారావుగారి బృందం అలాగే చవకైన దారి కనిపెట్టింది. సిప్లా దాన్ని 1990ల మొదట్లో మార్కెట్లోకి తెచ్చింది. 2005 నుంచి అణువు మీద కూడా పేటెంటు వచ్చింది. దాంతో కెమిస్టుల పని పోతుందనుకున్నారు, పోలేదు, రూపం మారింది. ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో చాలామంది విదేశీ కంపెనీల కోసం కొత్త అణువులు కడుతున్నారు. కాగితం మీద ఉన్నది చెయ్యడానికి బీఎస్సీ చాలు. కాగితం మీద ఏముండాలో నిర్ణయించాలంటే ఇంకా చదవాలి. నువ్వు ఏ వైపు నిలబడతావన్నదే అసలు ప్రశ్న. మీ నాన్న అడుగుతున్న "ఉద్యోగమా, చదువా" అన్నది దీని తర్వాతే.

రేపు రైల్లో పుణె వెళ్తున్నాను.

బాబాయి

పాషాణ్, పుణె
బుధవారం

చిట్టీ,

ఇక్కడ చలి మొదలైంది. మీ పిన్ని బలవంతంగా పెట్టిన స్వెట్టర్ పనికొచ్చింది, ఆ సంగతి ఆవిడకి చెప్పకు.

ఎన్‌సీఎల్ అంటే జాతీయ రసాయన ప్రయోగశాల, 1950లో మొదలైంది. చెట్ల మధ్య పొడుగాటి రాతి వరండాలు, లోపలికి వెళ్తే ఈథర్ వాసన. గాజు పనిచేసే గది ముందు చాలాసేపు నిలబడిపోయాను. పరిశోధకులకి కావలసిన వింత వింత గాజు గొట్టాలని మంట మీద తిప్పుతూ ఊదుతున్నాడొకాయన. మన కాలేజీలో కండెన్సర్ పగిలితే డబ్బు కట్టమని నోటీసు పెడతారు. ఇక్కడ పగిలితే కొత్తది ఊది ఇస్తారు.

నీకు చెప్పాలనుకున్నది రామారావుగారి గురించే. గుంటూరులో పుట్టినాయన. డిగ్రీ అయ్యాక బొంబాయి మాటుంగాలో యూడీసీటీ అనే కెమికల్ టెక్నాలజీ విభాగంలో చదివి, ఆ తర్వాత ఈ ఎన్‌సీఎల్‌లోనే కె. వెంకటరామన్ దగ్గర పీహెచ్‌డీ చేసి, చివరికి తార్నాక ఐఐసీటీకి డైరెక్టరయ్యారు. తాడేపల్లిలో పుట్టి ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివిన అంజిరెడ్డిగారిదీ ఇదే బాట, మాటుంగా, ఆ తర్వాత పుణె. 1969లో ఆయన ఇక్కడ తీసుకున్న పీహెచ్‌డీ కెమికల్ ఇంజినీరింగ్‌లో. కెమిస్ట్రీ చదివితే గీత దాటకూడదని ఎవరూ అనలేదు. ఐడీపీఎల్‌లో కొన్నాళ్లు పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. గుంటూరు బస్టాండ్ నుంచి వెళ్లి హైదరాబాద్ పరిశ్రమకి పునాది వేసినవాళ్లు మధ్యలో పుణె ల్యాబుల్లో ఏళ్లు గడిపారు. పీహెచ్‌డీ అంటే నిరుద్యోగానికి ముద్దుపేరు అని మీ నాన్న నవ్వుతారుగా, వాళ్లిద్దరి సంగతి చదివి వినిపించు.

డబ్బు మాట కూడా చెప్తాను, మీ అమ్మ అడుగుతుంది. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్ఐఆర్ నెట్ రాసి జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకి 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. పైచదువంటే మనం కట్టాలనే అనుకుంటారు. సైన్సులో మంచి చోట సీటు వస్తే వాళ్లే నీకు ఇస్తారు.

అయితే ఇదంతా తీపి కబురే అనుకోకు. ఐదేళ్లు, ఒక్కోసారి ఆరేళ్లు. రియాక్షన్ పదిసార్లు చేసినా రాదు. గైడు మంచివాడైతే సరే, కాకపోతే ఆ ఏళ్లు చాలా పొడుగ్గా ఉంటాయి. క్యాంటీన్లో ఒకమ్మాయిని, విజయనగరం పిల్ల, ల్యాబు ఎలా ఎంచుకోవాలని అడిగాను. గైడు పేరు కాదండీ, ఆయన దగ్గర చేసిన పాతవాళ్లు ఇప్పుడెక్కడున్నారో చూడాలి అంది. నాకు నచ్చింది.

బాబాయి

మాటుంగా, ముంబై
శుక్రవారం

చిట్టీ,

డెక్కన్ క్వీన్‌లో ఆమ్లెట్ తిని దాదర్‌లో దిగాను. యూడీసీటీని ఇప్పుడు ఐసీటీ అంటారు. బయట నుంచి చూస్తే మామూలు పాత కాలేజీ. గేటు పక్క ఇడ్లీ హోటల్లో సాంబారు బాగుంది, మాటుంగాలో దక్షిణాది వాళ్లకేం లోటు.

ముంబైలో నీకు చెప్పాల్సిన ఇంకో చోటు ట్రాంబే. అక్కడి అణు పరిశోధన కేంద్రం బార్క్‌లోని ట్రైనింగ్ స్కూల్ 1957 నుంచి నడుస్తోంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లు గేట్ స్కోరుతో గానీ, వాళ్లు పెట్టే పరీక్షతో గానీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. ఏడాది శిక్షణకి స్టైపెండ్ ఇస్తారు, ఆ తర్వాత సైంటిఫిక్ ఆఫీసరు. అణు ఇంధనమంటే భౌతికశాస్త్రమే అనుకుంటారు గానీ, యురేనియం శుద్ధి, భారజలం, వ్యర్థాల నిర్వహణ అన్నీ కెమిస్ట్రీయే. హైదరాబాద్‌లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మణుగూరులో భారజల కర్మాగారం మనకి దగ్గరే.

మిగతావి చకచకా. జియలాజికల్ సర్వేలో కెమిస్టు ఉద్యోగాలకి యూపీఎస్సీ పరీక్ష ఉంది, ఎమ్మెస్సీ కావాలి. పేటెంట్ ఏజెంట్ పరీక్షకి సైన్సు డిగ్రీ చాలు, రాయడం ఇష్టమున్నవాళ్లకి అది బాగుంటుంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ మాత్రం నీకు కాదు, దానికి ఫార్మసీ డిగ్రీ ఉండాలి. దానికి కోచింగ్ ఇస్తామనే బోర్డులు చూసి ఎవరూ డబ్బు కట్టకుండా నీ స్నేహితులకి చెప్పు.

బాబాయి

బెంగళూరు
సోమవారం

చిట్టీ,

ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాను. రాయచూరు దాటి గుంతకల్లు వచ్చేసరికి బోగీ నిండా తెలుగే.

నీకోసం నేను ఎక్కువగా తిరిగింది ఇక్కడే. ఐఐఎస్సీలో బీఎస్సీ అవగానే చేరగలిగిన ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఉంది. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ ఒకే చోట. జక్కూరులో సి.ఎన్.ఆర్. రావుగారి జేఎన్‌సీఏఎస్ఆర్‌లోనూ అలాంటిదే ఉంది. 1933లో బొంబాయిలో బీఎస్సీ ఫస్టున పాసైన కమలా సోహోనీ ఐఐఎస్సీలో సీటడిగితే, ఆడపిల్లవని సి.వి. రామన్ కాదన్నారు. ఆవిడ పట్టు విడవలేదు. షరతుల మీద చేర్చుకున్నారు, 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు తెచ్చుకుంది. ఈ సాయంత్రం కెమిస్ట్రీ బ్లాకు నుంచి బయటికొస్తున్న అమ్మాయిల గుంపుని చూస్తే ఆవిడే గుర్తొచ్చింది.

ఈ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ సీట్లకి తాళంచెవి జామ్ పరీక్ష. ఫిబ్రవరిలో, మూడు గంటలు, అరవై ప్రశ్నలు, వంద మార్కులు. మొదటి ముప్ఫైకి తప్పు రాస్తే మార్కు కోత, మిగతావాటికి లేదు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకీ ఇదే దారి, అక్కడి ఫీజు బీటెక్ ఫీజులా భయపెట్టదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి మాత్రం సీయూఈటీ పీజీ రాయాలి. నువ్వు ఎంపీసీ కనక లెక్కలంటే భయం లేదు, ఫిజికల్ కెమిస్ట్రీని మాత్రం గైడు బుక్కులో సూత్రాలుగా బట్టీ పట్టకు. నాలుగో ఏడు ఆనర్స్ సంగతి అడిగావు. 75 శాతంతో నాలుగేళ్లు చేస్తే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉందని యూజీసీ 2022 నిబంధనల్లోనే ఉంది. కానీ పరిశోధన చేయించే ల్యాబు మీ కాలేజీలో ఎక్కడుంది? మూడేళ్లయ్యాక జామ్‌తో బయటపడటమే మేలని నా అభిప్రాయం.

అమెరికా మాట. పక్కింటి వాళ్లు అప్పు చేసి అబ్బాయిని ఎమ్మెస్‌కి పంపారు గదా అని మీ అమ్మ అంటోంది. కెమిస్ట్రీలో అక్కడి పీహెచ్‌డీకి మామూలుగా ట్యూషన్ ఫీజు ఉండదు. బీఎస్సీ పిల్లలకి ల్యాబు క్లాసులు చెప్పించుకుని నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. జర్మనీలో పీహెచ్‌డీ విద్యార్థికి తరచు ఉద్యోగ కాంట్రాక్టే ఉంటుంది. అప్పు చేసి వెళ్లే ఎమ్మెస్ వేరు, ఇది వేరు. కన్సల్టెన్సీ వాళ్లు ఈ రెండో దాని గురించి చెప్పరు, అందులో వాళ్లకి కమీషన్ రాదు కాబట్టి.

ఇక ఈ వారం పని. సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది, రెండు నెలలు నిజమైన ల్యాబులో పని, స్టైపెండ్ కూడా. ఇప్పుడు రెండో ఏడులోనే అప్లై చెయ్యాలి, గడువు దాటనివ్వకు. ఏం చెయ్యాలనుకుంటున్నావో చిన్న రైటప్ అడుగుతారు. "కెమిస్ట్రీ అంటే నాకు చిన్నప్పటి నుంచి ప్రాణం" అని మొదలుపెట్టావో, చించేస్తాను. మొన్న టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్ ఎందుకు ముందే వచ్చిందని వాదించావే, దాన్ని రాయి. నాకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఆర్ఏసీ వచ్చింది. దిగి స్నానం చేసి నేరుగా మీ ఇంటికే వస్తాను. రైటప్ రాసి ఉంచు, ఎర్ర పెన్ను నేనే తెస్తాను.

బాబాయి