అక్క పెట్టిన సంతకం

కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో సముద్ర స్నానాలకి జనం వెళ్తుంటే, మా బావగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉంది, లేవదు.

నిరుడు ఈ రోజుల్లో ఆయన గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నారు. వయసు 52. పక్షవాతం వచ్చిన మర్నాటికి మెదడు వాచింది. పుర్రె గట్టి డబ్బా కదా, వాచిన మెదడుకి చోటుండదు. ఊపిరిని నడిపే కింది భాగాన్ని నొక్కేస్తుంది. అందుకని ఒక పక్క ఎముక తీసి చోటిస్తారట. అరవై లోపు వాళ్లకి 48 గంటల్లో చేస్తే వందలో 78 మంది ఏడాదికి బతికున్నారని, చెయ్యకపోతే 29 మందేనని డాక్టరుగారు చెప్పారు. "ప్రాణం కోసమే ఈ ఆపరేషనమ్మా, పడిపోయిన చేతిని తిరిగి తేదు" అని కూడా అన్నారు.

సంతకం పెట్టాల్సింది మా తోడికోడలు. "మంచాన పడితే ఆయన నన్ను క్షమిస్తారంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పక్కన కూర్చున్నానంతే. అక్క సంతకం పెట్టింది.

తీసిన ఎముకని ఆయన పొట్ట చర్మం కిందే దాచి, మూడు నెలలకి మళ్లీ పెట్టారు.

ఇప్పటికీ పంచె అక్కే కట్టాలి. మొన్న ఉండబట్టలేక అడిగేసింది, "సంతకం పెట్టానని కోపమా?" అని.

ఆయన కాసేపు వీధిలోకి చూసి, "కాఫీ పెట్టు, ఇద్దరికీ" అన్నారు.