వంటింటి జర్మను

ఫ్రాంక్‌ఫర్టు నగరానికి వచ్చినవారు సాధారణంగా మయిను నదిమీది వంతెనలూ, గెటే మహాకవి 1749 లో పుట్టిన యిల్లూ చూసి పోతారు. నేనూ ఆ రెండూ చూశాను గాని, ఆ వూళ్లో నేను ఎక్కువగా సంచరించిన చోటు మా చెల్లెలి వంటిల్లు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అంతమాత్రం స్థలంలో యాత్రా విశేషాలేముంటాయని చదువరులు అనుకోవద్దు. ఒక భాషకు భాష అక్కడ కాపరం చేస్తున్నది.

చెల్లెలికి రెండో కాన్పు. అమ్మ మోకాళ్ల నొప్పులతో విమానం ఎక్కలేనన్నది. అందుకని 2024 వేసవి సెలవుల్లో పురుటి పనులకు నేను బయలుదేరాను. కాయం సీసా, వాము, శొంఠి, కరివేపాకు పొడి, అమ్మ స్వయంగా పాతచీరలో చుట్టి యిచ్చిన సత్తుగిన్నె - యివీ నా సామాను. మరిది ప్రొద్దున్న ఏడింటికే ఉద్యోగానికి వెళ్తాడు. చెల్లెలు మంచం దిగకూడదు. పురిటి రోజులను జర్మనులు వోఖెన్‌బెట్ అంటారు. అంటే వారాల మంచం. యింక వంటింట్లో మిగిలినది నేనూ, మధ్యాహ్నం బాలబడినుంచి వచ్చే చెల్లెలి అయిదేళ్ల కూతురూను. నా జర్మను గురువు ఆ పిల్లే.

పిల్ల తెలుగు బాగానే మాట్లాడుతుంది. కాకపోతే క్రియలన్నీ తెలుగు, నామవాచకాలన్నీ జర్మను. "పెద్దమ్మా, క్యూల్‌ష్రాంక్ తియ్యి, పాలు కావాలి" అన్నది మొదటిరోజున. క్యూల్ అంటే చల్లని, ష్రాంక్ అంటే బీరువా. చల్లబీరువా! మన ప్రాంతంలో చల్ల అంటే మజ్జిగ గనుక మజ్జిగ దాచే బీరువా అని కూడా అర్థం వస్తుంది. అదీ అబద్ధం కాదు.

ఆ తరువాత వరుసగా పాఠం సాగింది. కరెంటు కెటిలు వాసర్‌కోఖర్, నీళ్లు కాచేది. గిన్నెలు తోమేది ష్ప్యూల్‌మషీనె, కడిగే యంత్రం. పొయ్యి పైభాగం నున్నటి నల్ల అద్దంలాగా వుంటుంది. దాని పేరు కోఖ్‌ఫెల్డ్, అనగా వంటపొలం. కుళాయిలోని చివరి ముక్క హాన్, కోడిపుంజు. మొత్తం పేరు నీటిపుంజు. గుడ్డుసొన గిలక్కొట్టే తీగల కవ్వాన్ని మంచుచీపురంటారు, నురుగు మంచులాగా తెల్లగా లేస్తుంది గనుక. కైమా కొట్టే మరను మాంసపు తోడేలంటారట. శాకాహారుల యిల్లు గనుక దానితో నాకు పరిచయం కలగలేదు. టోస్టరు, మిక్సరు మాత్రం అక్కడా టోస్టరు, మిక్సరే. వాళ్లూ అప్పు చేయనివాళ్లేమీ కారు.

అన్నింటికన్న పెద్దది పొయ్యిపైన వేలాడే పొగగొట్టం పేరు. డున్‌స్ట్‌అబ్‌ట్సూగ్స్‌హౌబె. పిల్ల ఒక్క ఊపిరిలో అంటుంది. డున్‌స్ట్ ఆవిరి, అబ్‌ట్సూగ్ లాగివేత, హౌబె కుళ్లాయి. ఆవిరిని లాగివేసేందుకైన కుళ్లాయి: షష్ఠీ తత్పురుషాన్ని కడుపులో పెట్టుకున్న చతుర్థీ తత్పురుషం. మధ్యలో ఒక సకారం ఊరికే వచ్చి రెండు పదాలనూ అతికిస్తుంది. చిగురు, ఆకు కలిసి చిగురుటాకు అయినప్పుడు వచ్చే టకారంవంటిదే. నేను క్లాసులో టుగాగమం చెబుతుంటే వెనక బల్లల పిల్లలు నిద్రపోతారు. యిక్కడ మిరపకాయల పోపు పెట్టినప్పుడల్లా ఆగమసంధి నా నెత్తిమీద బుర్రుమని తిరిగేది.

లింగాల దగ్గర మాత్రం పిల్ల నన్ను క్షమించేది కాదు. చెంచా మగది, ముళ్లచెంచా ఆడది, చాకు నపుంసకం. చల్లబీరువా పురుషుడు, అంట్లు తోమే యంత్రం స్త్రీ - ఈ ఏర్పాటు చేసినవాడెవడో నాకు తెలిసింది! చిన్న ఆడపిల్లను చెప్పే మేడ్‌హెన్ అనే మాట నపుంసకం. నవ్వబోయి ఆగాను. మన చిన్నయసూరిగారు స్త్రీలను, పశుపక్ష్యాదులను, జడపదార్థాలను ఒక్క గాటనే కట్టి అమహత్తులన్నారు. నేటికీ ఆవు వచ్చింది, ఆమె వచ్చింది, జ్వరం వచ్చింది.

వారం తిరక్కుండానే పిల్ల నన్ను ప్రశ్న అడిగింది. "క్యూల్‌ష్రాంక్‌ని తెలుగులో ఏమంటారు పెద్దమ్మా?"

"ఫ్రిజ్."

"అది యింగ్లీషు కదా? తెలుగులో?"

తెలుగు ఎం.ఏ. చదివి, యిరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ గది నాలుగు గోడలూ చూశాను. తీగ తగిలించిన వస్తువు ఒక్కటీ తెలుగు పేరున్నది లేదు. శీతలీకరణ యంత్రమని పుస్తకాలలో వున్నది. ఆ మాట అని పెరుగు తెమ్మని పిల్లను పురమాయించిన తల్లి ఎక్కడా లేదు. పోనీ మనకు మాటలు కరువా అంటే, తిరగలి, పొత్రం, దుత్త, ఉట్టి, కుంపటి - బోలెడున్నాయి. మాటలున్నవాటికి వస్తువులు పోయాయి, వస్తువులున్నవాటికి మాటలు లేవు. జర్మను వాళ్లు చేసింది పెద్ద పాండిత్యమేమీ కాదు. చలి, బీరువా, నీళ్లు, కాచు - పసిపిల్లకు వచ్చిన మాటలతోనే పేరు పెట్టారు. మనం పేరు పెట్టే పని పండితులకు వదిలాము. పండితులు సంస్కృతానికి వదిలారు.

నేటి ఈ బీరువాల వంటింటికి పుట్టిల్లు ఆ వూరేనని మరిది చెబితే, ఒక ఆదివారం యూ-బాన్ రైలెక్కి ర్యోమర్‌ష్టాట్ పేటకు వెళ్లాను. 1926 లో మార్గరెటె ష్యూటె-లిహోట్స్కీ అనే వియన్నా యువతి, నగరం కట్టిస్తున్న చవక యిళ్లకోసం రైలు భోజనపు పెట్టెలోని వంటగదిని చూసి ఒక వంటిల్లు గీసింది. అటువంటివి సుమారు 10,000 కట్టారు. ఆనాటికి తనకు వంటే రాదని ఆవిడే తరువాత చెప్పుకున్నది. నాజీలు ఆవిడను 1941 నుంచి 1945 దాకా చెరలో పెట్టారు; ఆవిడ మాత్రం 2000 దాకా బ్రతికింది. ఎర్న్‌స్ట్ మై యిల్లనే ప్రదర్శనశాలలో ఆ వంటిల్లు వున్నది. నీలంరంగు; ఆ రంగుమీద ఈగలు వాలవని నమ్మకం. వరుసగా అల్యూమినియం సొరుగులు, వాటిపై దినుసుల పేర్లు. చక్కని ఏర్పాటే. కాని అందులో ఇద్దరు పట్టరు. బాలింతకు కారం దంచే అత్తా, కబుర్లు చెప్పే పిన్నీ ఎక్కడ కూర్చోవాలో ఆ గీతలో లేదు.

సత్తుగిన్నె సంగతి చెప్పలేదు. వంటపొలం కింద నిప్పు లేదు, అయస్కాంతపు ప్రభావం వున్నది. అయస్కాంతం అంటుకునే అడుగున్న పాత్రలోనే అది వేడి పుట్టిస్తుంది. సత్తుకు అయస్కాంతం అంటదు. అమ్మ యిరవై ఏళ్లు పథ్యపు చారు కాచిన గిన్నె అక్కడ మంచుగడ్డలాగా కూర్చున్నది. చెల్లెలు మంచంమీదనుంచే చూసి కళ్లు తుడుచుకున్నది. బాలింతరాలు గదా! చివరకు దానిలో నెయ్యి పోసి ఉంచాము.

ఆ పొయ్యి కట్టేసిన తరువాత కూడా ఎర్రగా ఒక హెచ్ అక్షరం వెలుగుతుంటుంది. "రెస్ట్‌వెర్మె, ముట్టుకోకు" అన్నది పిల్ల. మిగులు వేడి. నాకు మా అమ్మమ్మగారి పెరటి దాలి జ్ఞాపకం వచ్చింది: పిడకల సెగమీద ప్రొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి ఎర్రగా మీగడ కట్టేవి. ఆ మాట చెప్పాను, దాలిలో నిప్పు పైకి కనపడదని కూడా చెప్పాను. పిల్ల రెండుసార్లు అని చూసుకుని, "డెర్ దాలీనా, డీ దాలీనా?" అన్నది. "అమహత్తు" అన్నాను.

నేను తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్న రోజున అమ్మ ఫోను చేసింది. పిల్ల ఫోను పట్టుకుపోయి పొయ్యిమీద హెచ్ అక్షరం చూపిస్తూ, "అమ్మమ్మా, దాలి ఇంకా ఆరలేదు" అంటున్నది. అమ్మ అటునుంచి, "మీకు అక్కడ దాలి కూడా వుందటే!" అని అడుగుతున్నది.